మొగ దాటే ఆట

టీవీకి పెట్టాలా వద్దా అన్న దాని మీద కళ్యాణ్, యుగంధర్ ఆ వేసవి అంతా కొట్టుకు చచ్చారు. స్నేహితులు కాబట్టి సరిపోయింది గానీ, అన్నదమ్ములైతే ఈపాటికి ఇంటి మధ్యలో గోడ లేచేది.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా. మధ్యలో చిన్న తెర, అటూ ఇటూ బటన్లు. అందులో ఉండేది ఒకే ఒక్క ఆట. పడవని ఒడ్డు మీంచి నీళ్ళలోకి తోసి, మొగ దగ్గర లేచే కెరటాలు దాటించి, లోతు సముద్రంలోకి చేర్చాలి. ఏరు సముద్రంలో కలిసే చోటుని ఆ తీరంలో మొగ అంటారు. వంశధార మొగ దగ్గర ఇసుక మేటలు ఎప్పుడు ఎటు జరుగుతాయో ఎవరికీ తెలీదు, కెరటం ఎక్కడ విరుగుతుందో అంతకన్నా తెలీదు. నడిసముద్రంలో కన్నా మొగ దగ్గరే పడవలు ఎక్కువ తిరగబడతాయని కళింగపట్నంలో ఎవర్నడిగినా చెబుతారు.

యుగంధర్‌ది ఆ ఊరే. తండ్రి పోయాక అన్న కొండబాబు బడి మానేసి చేపల వేటకి దిగి, తమ్ముణ్ణి విజయనగరంలో ఇంజనీరింగ్ చదివించాడు. తమ్ముడికి చదువు అబ్బింది గానీ ఉద్యోగం అబ్బలేదు. అబ్బిందల్లా వెనక బెంచీలో ఒక స్నేహితుడు, షావుకార్ల బిడ్డ కళ్యాణ్. కళ్యాణ్ తండ్రి నగరేశ్వరరావుకి విజయనగరంలోనే టీవీల షాపుంది. షాపు మేడ మీద ఖాళీ అట్టపెట్టెలు పడేసే గదిని శుభ్రం చేసుకుని, బయట నుంచి తెప్పించిన చిప్పులూ తెరలూ అతికించి, లోపల యుగంధర్ రాసిన ఆట ఎక్కించి, ఇద్దరూ ఆ డబ్బాని తయారుచేశారు.

"ఇంటికో ఫోనుండగా మీ డబ్బా ఎవడు కొంటాడ్రా" అని నగరేశ్వరరావు ఎకసెక్కం ఆడాడు. సాలూరు లారీల వాళ్ళు కొన్నారు. లోడు కోసం పడిగాపులు పడేటప్పుడు, ఘాట్ రోడ్డు మీద బండి వెనక బండి ఆగిపోయినప్పుడు, ఓనరు ఫోను చేస్తాడని ఛార్జింగు దాచుకోవాల్సిన డ్రైవర్లకీ క్లీనర్లకీ అది ప్రాణమైపోయింది. ఫోను పిల్లల చేతికివ్వడానికి భయపడే తల్లులు కొన్నారు. పెద్దాయన ఎకసెక్కం మానేసి, మేడ మీది గదికి ఫ్యాను పెట్టించాడు.

టీవీ ఆలోచన కూడా ఆయనదే. నోట్ల రద్దు దెబ్బకి కుదేలైన షాపు దసరాకైనా కోలుకోవాలని ఆయన ఆరాటం. టీవీకి తగిలించే చిన్న పెట్టె చేసి, టీవీతో పాటు అమ్మితే ఎలా ఉంటుందన్నాడు. కళ్యాణ్ ఎగిరి గంతేశాడు.

"చేతిలో ఉంటే ఒక్కడు ఆడతాడు. టీవీలో పెడితే ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. ఆలోచించరా" అన్నాడు.

యుగంధర్ ఆలోచించి వద్దన్నాడు. ఇంటికి టీవీ ఒకటే, పొద్దుగూకితే అది సీరియళ్ళ సొత్తు అన్నాడు. చిన్న తెరకి గీసిన బొమ్మ పెద్ద తెర మీద అలుక్కుపోతుందన్నాడు. చేతిలోది చేతిలోనే ఉండాలన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నట్టున్న ఈ కారణాలన్నిటికీ కళ్యాణ్ సమాధానాలు వెతుక్కొచ్చాడు. బొమ్మలు మళ్ళీ గీయించాడు కూడా. చివరికి విసుగెత్తి, "అసలు సంగతి చెప్పరా" అని నిలదీశాడు.

అసలు సంగతి యుగంధర్ తల్లి కూర్మమ్మ.

వాళ్ళ వీధిలో ఆడవాళ్ళకి ఒక కట్టుబాటుంది. మగవాడు వేటకెళ్ళేటప్పుడు ఒడ్డు దాకా వస్తారు. అన్నం క్యారేజీ, నీళ్ళ డబ్బా చేతికందిస్తారు. పడవ నీళ్ళలో పడగానే వెనక్కి తిరిగి ఇంటికి నడిచి వచ్చేస్తారు. పడవ మొగ దాటడం మాత్రం చూడరు. చూస్తే ఆ చూపు పడవని వెనక్కి పట్టి లాగుతుందని, కెరటం మీద నిలవనివ్వదని వాళ్ళ నమ్మకం. కాపరానికొచ్చిన నాటి నుంచీ కూర్మమ్మ మొగుడి పడవ గానీ కొడుకు పడవ గానీ మొగ దాటుతుంటే చూసిన పాపాన పోలేదు. గుమ్మంలో నిలబడితే సముద్రం కనపడే ఇల్లు ఆవిడది.

చేతిలో డబ్బాకి ఈ బాధ లేదు. ఆడేవాడి కళ్ళకి తప్ప ఇంకొకరికి కనపడదు. అదే టీవీలో పెడితే, వంట చేసుకునే ఆడవాళ్ళ ముందు, ఇంటి నట్టనడుమ, రోజుకి వందసార్లు పడవ మొగ దాటుతుంది. దాటకపోతే మునుగుతుంది. పైగా ఆటలో పడవని యుగంధర్ అన్న పడవలాగే గీశాడు. నీలం రంగు, అంచున పసుపు గీత. అన్న మీది ప్రేమకొద్దీ అలా గీశాడు.

"నువ్వు నమ్ముతావా ఇవన్నీ?" అని అడిగాడు కళ్యాణ్.

"నమ్మను. మా అమ్మ కళ్ళ ముందు పెట్టలేను, అంతే."

ఇది వాదించి గెలిచేది కాదని కళ్యాణ్‌కి అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు. నెలల తరబడి ఆ ఇద్దరి మధ్యా అది మింగలేని కక్కలేని వ్యవహారంగా నలిగింది. ఆఖరికి యుగంధర్ కళింగపట్నం వెళ్ళి అన్నకే చెప్పుకున్నాడు. కొండబాబు వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు.

"నా పడవ టీవీలో కానొస్తాదేటిరా? మంచిదే కదా. లోకానికంతా సూపించుకో. అమ్మకి మాత్రం సూపించకు. ఆ మాట మీదుండు సాలు" అన్నాడు.

"సూపించను" అని యుగంధర్ మాటిచ్చి, టీవీ పెట్టె తయారీకి ఒప్పుకున్నాడు.

మాటిచ్చినవాడు ఆ ఇంటి చుట్టుపక్కలకే ఆ పెట్టెని రానివ్వకూడదు. రానిచ్చాడు. పాతకాలం డబ్బా టీవీల్లో బొమ్మ ఎలా వస్తుందో చూడాలని కళ్యాణ్ అన్నాడు. విజయనగరంలో అందరూ పలక టీవీలకి మారిపోయారు, డబ్బా టీవీ ఉన్న ఇల్లు యుగంధర్‌కి తెలిసినంతలో తమదే. కొండబాబు తెల్లవారుతూనే వేటకెళ్ళాడు. అమ్మ ఎండుచేపల దగ్గరకెళ్ళింది, పొద్దువాలితే గానీ రాదు. వదిన అనూరాధ బజారుకెళ్ళింది. గంటలో చూసుకుని సర్దేద్దామనుకున్నారు.

తొలకరి రోజులు. మబ్బు ఎప్పుడు పట్టిందో ఇంట్లో ఉన్న వీళ్ళకి తెలీలేదు. చినుకులు పడగానే ఎండేసిన చేపలన్నీ గంపలోకి ఎత్తుకుని కూర్మమ్మ ఇంటికి పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలోకి వచ్చి, గంప చంకన పెట్టుకునే ఆగిపోయింది.

టీవీ నిండా సముద్రం. నీలం పడవ, అంచున పసుపు గీత. కళ్యాణ్ చేతికి ఆట ఇంకా పట్టుబడలేదు. పడవ కెరటాల మీద తాగినవాడిలా తూలుతోంది.

"అది పెద్దోడి పడవ కదేటిరా" అంది కూర్మమ్మ.

యుగంధర్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. అతను లేచి వైరు పీకేలోపే పెద్ద కెరటం వచ్చి పడవని బోర్లా తోసేసింది. "మళ్ళీ పోయిందిరా" అని కళ్యాణ్ నవ్వాడు. ఆట ధ్యాసలో వెనక మనిషి మాట అతనికి వినపడలేదు.

"ఆట అమ్మా. బొమ్మే. నేను గీసిన బొమ్మ" అన్నాడు యుగంధర్. కూర్మమ్మ గంప దించి, పెరట్లోకి పోయి, కళ్ళు కడుక్కుంది. కడుక్కుని మళ్ళీ కడుక్కుంది.

ఆ మధ్యాహ్నం పడవలన్నీ ఒడ్డుకి చేరాయి, కొండబాబుది తప్ప. అతనితో వెళ్ళిన అప్పలసూరి, జోగయ్య ఆవలి ఒడ్డుకి ఈది, చుట్టూ తిరిగి సాయంత్రానికి ఊరు చేరారు. తిరిగొస్తుండగా మొగ దగ్గర ఇంజను ఆగిపోయిందని, పక్కనుంచి కెరటం కొట్టిందని అప్పలసూరి చెప్పాడు. పడవ బోర్లా పడి దొరికింది. కొండబాబు దొరకలేదు. ఊళ్ళో పడవలన్నీ వెతికాయి. గార దాకా, భావనపాడు దాకా కబుర్లు పంపారు. సముద్రం తను తీసుకున్నది ఒక్కోసారి ఇచ్చేస్తుంది, ఒక్కోసారి ఇవ్వదు. ఈసారి ఇవ్వలేదు.

కూర్మమ్మ గుండెలు బాదుకుని ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గుమ్మానికి వీపు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చుంది. ఎవరేమడిగినా ఒకటే మాట.

"నాను సూసీసినాను."

యుగంధర్ తల్లి కాళ్ళు పట్టుకున్నాడు. అప్పలసూరి చెప్పిన పొద్దుని బట్టి చూస్తే పడవ తిరగబడింది ఉదయమే, వాళ్ళిద్దరూ టీవీ పెట్టెకి వైరు తగిలించకముందే. నువ్వు చూసేసరికే అంతా అయిపోయిందమ్మా అని నచ్చజెప్పాడు. అది నిజం కూడాను.

"నీకు పొద్దు లెక్కలు తెలస్తాయిరా సిన్నోడా. నాకు నా కళ్ళు తెలస్తాయి" అంది.

శవం దొరకని మనిషికి కర్మ ఎప్పుడు చెయ్యాలన్నది ఆ ఇంటి పెద్ద చెప్పాలి. ఆ ఇంటి పెద్ద కూర్మమ్మే. వీధి పెద్దలు వచ్చి అడిగారు. అనూరాధ అన్నదమ్ములు కోటబొమ్మాళి నుంచి వచ్చి అడిగారు. కూర్మమ్మ అవుననదు, కాదనదు. కొడుకు తిరిగొస్తాడని ఆమెకి ఆశేం లేదు. కర్మ చెయ్యమంటే తన చూపే కొడుకుని చంపిందని నలుగురి ముందూ ఒప్పుకున్నట్టని ఆమె లోపల గడ్డకట్టుకుపోయింది. మధ్యలో అనూరాధ నలిగిపోయింది. వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు చేరితే ఆమెని ముత్తయిదువుల్లో కూర్చోబెట్టాలో వద్దో ఎవరికీ తెలీదు.

"అత్త ఒప్పుకోనేదంటే నానెవరిని మరిదీ? ఆయన ఉన్నట్టా, పోయినట్టా? ఏడవడానికీ నేకుండా పోయింది నాకు" అంది ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని.

యుగంధర్‌ని రెండు బాధలు పట్టుకున్నాయి. తను మాట తప్పాడన్న బాధ ఒకటి, తల్లిని ఈ గోడ వైపు నుంచి తిప్పలేకపోతున్నానన్న బాధ ఇంకొకటి. మొదటిది తనే మోసుకోగలడు. రెండోది మోస్తున్నది వదిన. అమ్మ నోటి వెంట ఆ ఒక్క మాట రాకపోతే ఆ ఇంట్లో ఎవరూ బతకలేరని, చచ్చినవాడికైనా విడుదల లేదని అతనికి రోజురోజుకీ తేటతెల్లమవుతోంది.

దసరా దగ్గర పడుతుండగా కళ్యాణ్ వచ్చాడు. మనిషి సగమైపోయాడు. ఇంటి ముందు వలల పాకలో యుగంధర్ పక్కన కూలబడి చాలాసేపు ఇసుకలో వేలితో గీతలు గీశాడు.

"నాన్న అడుగుతున్నారు, టీవీది చెయ్యాలా మానాలా అని. నేను మానేద్దామన్నాను. నేనా రోజు నవ్వాన్రా. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది" అన్నాడు.

"నీదేం తప్పు."

"పోనీ పడవ తీసేసి లారీ పెడదామా? సాలూరు వాళ్ళు సంతోషిస్తారు."

ఇంకో రోజైతే యుగంధర్ నవ్వేవాడే. ఏదో అనబోతుంటే ఇంట్లోంచి కూర్మమ్మ గొంతు వినిపించింది. చాలా రోజులకి ఆవిడ తనంతట తాను మాట్లాడడం.

"సావుకారి బాబూ, ఆ పెట్టి తెచ్చినావేటి?"

కళ్యాణ్ తత్తరపడ్డాడు. సంచీలో ఉంది. అబద్ధమాడడానికి నోరు రాలేదు. "ఉందమ్మా" అన్నాడు.

"ఎట్టు. ఒకపాలి సూస్తాను."

"వద్దమ్మా" అన్నాడు యుగంధర్.

"ఆ దినం సగమే సూసినాను. సగం సూసిందే కళ్ళల్లో ఆడతన్నాది. అంతా సూడనీ. నువ్వాడు, ఆ బాబు వద్దు."

అనూరాధ తడి చేతులతో వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది. ఆపుతుందేమోనని యుగంధర్ ఆమె వైపు చూశాడు. ఆమె ఆపలేదు.

కళ్యాణ్ వైర్లు తగిలించాడు. కూర్మమ్మ గోడ వైపు నుంచి ఒళ్ళు తిప్పి, టీవీకి ఎదురుగా నేల మీద కూర్చుంది. నీలం పడవ ఒడ్డున ఉంది. యుగంధర్ బటను నొక్కాడు. ఈ ఆటని అతను వేలసార్లు ఆడాడు, కళ్ళు మూసుకున్నా ఆడగలడు. ఆ పూట మాత్రం పడవ మునిగితే తల్లి ఏమైపోతుందోనని భయపడ్డాడు.

మొదటి కెరటం దాటింది. కూర్మమ్మ చీర కొంగు పిడికిట్లో బిగించింది. రెండోది పక్కనుంచి వచ్చింది. యుగంధర్ పడవ ముక్కు దానికేసి తిప్పాడు. ఎక్కింది, దిగింది. నీళ్ళు తెర మీద చింది సర్దుకున్నాయి. తర్వాత పెద్దది. కూర్మమ్మ కళ్ళు మూసుకోలేదు, తిప్పుకోలేదు. జీవితమంతా వెనక్కి తిరిగి నడిచిన మనిషి, రెప్ప వెయ్యకుండా చూసింది. పడవ గాలిలోకి లేచి, అవతల నీళ్ళ మీద పడి, నిలబడింది. ఇక ముందంతా నిమ్మళంగా ఉన్న నీలం. పడవ చిన్నదై, ఇంకా చిన్నదై, చుక్కై, కనపడకుండా పోయింది. సంగీతం మోగింది. పచ్చటి అక్షరాలు పడ్డాయి.

యుగంధర్ చొక్కా చెమటకి తడిసిపోయింది. పడవ మునగలేదు కదా అన్న సంతోషంతో తల్లి వైపు చూశాడు. ఆవిడ ఇంకా టీవీనే చూస్తోంది.

"మరి?" అంది.

"అంతేనమ్మా. మొగ దాటీసింది. గెలిసినట్టు."

"ఒడ్డుకి రానిదే గెలవడవేట్రా?"

యుగంధర్ బటన్ల మీంచి వేళ్ళు తీశాడు.

"ఎప్పుడొస్తాది?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కాసేపటికి వస్తుందనొచ్చు. గుమ్మంలో అనూరాధ నిలబడి ఉంది. ఆమె మొహం చూశాక అబద్ధం గొంతు దాటలేదు.

"రాదమ్మా. ఇందులో ఎల్లడవే ఉన్నాది. తిరిగి రావడం నాను పెట్టనేదు."

కూర్మమ్మ తల పంకించింది. కోపగించుకోలేదు. ఎవరో పక్కింటి మనిషితో మాట్లాడుతున్నంత మామూలుగా అంది.

"ఎల్లీది మాకెందుకురా? అది మేం సూడం. మేం సూసీది వచ్చీది. పడవ కానొచ్చిందని ఎవురో ఒకలు అరుస్తారు. గంపలట్టుకుని పరిగెడతాం. ఎవుడిదో ఏటో తెలీక, దగ్గిరకొచ్చీదాకా పానం ఉగ్గబట్టుకుని సూస్తాం. ఇంట్లో ఎట్టీదైతే అది ఎట్టాల."

"పెడతానమ్మా" అన్నాడు యుగంధర్. "వచ్చీదే పెడతాను."

"ఊరోల పడవలన్నీ ఎట్టు. అప్పలసూరిని ఎట్టు. జోగయ్యని ఎట్టు. బతికొచ్చినోలు ఆలు." కూర్మమ్మ ఆగింది. "నీలం పడవ ఎట్టకు."

అనూరాధ గుమ్మం పట్టుకుని ఒక్కడుగు ముందుకు వేసింది.

"ఏటత్తా, ఎందుకెట్టకూడదు?" అంది. ఎందుకో ఆమెకి తెలుసు. ఆ మాట అత్త నోటితో అనాలి.

"అది రాదు కదే అమ్మా" అంది కూర్మమ్మ. "నా కొడుకు రాడు."

అనూరాధ అక్కడే కూలబడి, అన్నాళ్ళూ దాచుకున్నదంతా ఏడ్చింది. కూర్మమ్మ నేల మీద జరుగుతూ వెళ్ళి కోడలి తల ఒళ్ళోకి తీసుకుంది. కర్మకి వీధి పెద్దలని ఎప్పుడు రమ్మనాలో యుగంధర్‌కి చెప్పి, ఆ టీవీ ఆపమంది.